మున్సిపల్ స్విమ్మింగ్ పూల్: కట్టాక నెలనెలా పడే ఖర్చు

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పూల్ అనగానే కట్టే ఖర్చు మీదే లెక్కలన్నీ. నడిపే ఖర్చుకు విడిగా పద్దు పెట్టకపోతే రెండో ఏడే తాళం పడుతుంది.

25 మీటర్ల పొడవు, 12.5 వెడల్పు, సగటున 1.5 లోతు ఉంటే సుమారు 4.7 లక్షల లీటర్లు పడతాయి. ఆ నీళ్లన్నీ ఆరు గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరగాలి, అంటే గంటకు 78 వేల లీటర్లు. 7.5 హెచ్‌పీ మోటారు రోజుకు 12 గంటలు నడిస్తే నెలకు దాదాపు 2,000 యూనిట్ల కరెంటు. ఎండాకాలం రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 2,500 లీటర్లు మళ్లీ నింపాలి.

అసలు చిక్కు మన బోరు నీళ్లతోనే. సున్నం ఎక్కువ. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణానికి కొలత) 7.8 దాటిందా, టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, ఫిల్టర్‌లో ఇసుక గడ్డకడుతుంది. అప్పుడు బ్యాక్‌వాష్ (నీళ్లను వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగడం) ఎంతసేపు చేసినా ప్రెషర్ గేజ్ ముల్లు కిందికి రాదు. క్రిములు చావడానికి చవకని బ్లీచింగ్ పౌడర్ పోస్తే సున్నం ఇంకా పెరుగుతుంది. సోడియం హైపోక్లోరైట్ (ద్రవరూపంలోని క్లోరిన్ మందు) నయం, కాకపోతే అది పీహెచ్‌ను పైకి లాగుతుంది కాబట్టి యాసిడ్ ఖర్చు కూడా కలపాలి. ఎండకు హైపోక్లోరైట్ బలం పోతుంది. నీడలో దాచి, పది పదిహేను రోజులకు సరిపడానే తెప్పించాలి.

లైఫ్‌గార్డుల జీతాలు మాత్రం 12 నెలలకూ రాయండి. టికెట్ల రాబడి ఎక్కువగా ఎండాకాలానిదే.