గునుగు తిన్న ఆవు, గులాబీ రంగులో మా ఆయన

ఈరోజు సద్దుల బతుకమ్మ. తెల్లారకముందే మా ఆయన బండి తీసుకుని ఘట్‌కేసర్ దాటి వెళ్లారు, గునుగు కోసం. మేం బోడుప్పల్ వచ్చిన కొత్తలో ఇంటి వెనక ఖాళీ ప్లాట్ల నిండా గునుగే ఉండేది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. మార్కెట్లో కొనుక్కోవచ్చు, కానీ చేను గట్ల మీద ఎవరూ వేయకుండా మొలిచే పువ్వుని మన చేత్తో కోసుకొచ్చి, తాంబాలంలో పేర్చి, పైన పసుపు గౌరమ్మని నిలపడంలోనే ఈ పండగ ఉందని నా నమ్మకం. పిల్లలకి ఆ పువ్వు పేరు తెలియాలి.

సంచుల నిండా గునుగు, తంగేడు వచ్చాయి. మంచుకి తడిసి ఉన్నాయని గేటు దగ్గర అరుగు మీద ఆరబోశాం. ఆరాక గునుగు కాడలు సమంగా కత్తిరించి, దారంతో కట్టలు కట్టి, రంగులో ముంచాలి. అమ్మాయి బకెట్లో వేడినీళ్లు పోసి గులాబీ రంగు కలిపింది. తమ్ముడు చేతులు పెడతాడని బాత్రూంలో దాచింది.

నేను సత్తుపిండికి నువ్వులు వేయిస్తుంటే బయట అత్తమ్మ కేక. "బిడ్డా, ఆవు!"

పరుగెత్తి వెళ్లేసరికి మా వాడు చీపురు పట్టుకుని దాని ముందు నిలబడి "ప్లీజ్, ప్లీజ్" అని బతిమాలుతున్నాడు. ఆవు కదిలితేగా! గునుగంతా తినేసింది. తంగేడు ఒక్క రెమ్మ కూడా ముట్టలేదు. పశువులు తంగేడు జోలికి పోవు. గునుగైతే పల్లెల్లో మనుషులే కూర వండుకుంటారు, ఆవునేం అంటాం? "ఏం జేస్తం, పండుగ దానికి గూడ గదా" అని అత్తమ్మ దాని నుదుట పసుపు కుంకుమ పెట్టి పంపించింది.

అంతలో బాత్రూంలోంచి ఇంకో కేక. దుమ్ముకొట్టుకుపోయి వచ్చిన మనిషి, వేడినీళ్లు తన కోసమే పెట్టారనుకుని చీకట్లోనే చెంబుతో నెత్తిన పోసుకున్నారట. కరెంటు పోయింది మరి. కొబ్బరినూనె, సున్నిపిండి, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. చెవుల వెనక, మెడ మీద, గోళ్లలో రంగు అలాగే ఉంది. పాపం, పొద్దున్నే అంత దూరం పోయి పూలు తెచ్చినందుకు!

విషయం తెలిసి పక్క గల్లీ వదిన తన గునుగులో సగం తెచ్చి ఇచ్చింది. రంగు నీళ్లు లేవు కాబట్టి తెల్లగానే పేర్చాం. తంగేడు పసుపు, బంతి నారింజ, మధ్యలో వెండిలా గునుగు. ఇన్నేళ్లలో ఇంత అందమైన బతుకమ్మ మా ఇంట్లో లేవలేదు.

చెరువు దగ్గర కాలనీ పిల్లలు "అంకుల్, హోలీ ఆడారా?" అని మా ఆయన వెంట పడ్డారు. ఆయన నవ్వుతూ అందరికీ మలీద పంచారు.

అత్తమ్మ నాలుగు గునుగు కంకులు పక్కన దాచింది. ఎండాక నల్లటి గింజలు రాల్చి, తొలకరికి కుండీలో చల్లుతుందట. కుండీ మేడ మీదే పెట్టాలని మా ఆయన గట్టిగా చెప్పారు.