ఫాల్కన్ పని ఎంతవరకు వచ్చింది: పైకప్పు పూర్తి, ఇక చెత్త అతికింపు

స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష ఓడ మిలీనియం ఫాల్కన్‌కి నేను చేస్తున్న నమూనా చట్రం గట్టిగా నిలబడింది. పైన షీట్ ఎక్కించడమూ అయిపోయింది. కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కలు: ఇది కిట్ కాదు, మొత్తం చేతిపనే. లోపలి చట్రం ఫ్లెక్స్ బోర్డులవాళ్ల దగ్గర దొరికే 5 మి.మీ. సన్‌బోర్డ్ (తేలికపాటి నురుగు ప్లాస్టిక్ పలక), పైన 1 మి.మీ. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ షీట్. ముందుకు పొడుచుకొచ్చిన రెండు కొమ్ముల కొస నుంచి వెనక ఇంజిన్ దాకా 60 సెం.మీ., వెడల్పు 44.

ఏ ఫాల్కన్ చేస్తున్నామో ముందే తేల్చుకోవాలి. 1977లో తొలి స్టార్ వార్స్‌కి కట్టిన మోడల్ సుమారు ఐదడుగులది, బాగా బరువు. 1980 నాటి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’కి 32 అంగుళాలది ఒకటి చేశారు. తొలి సినిమాలో ఓడకి మూడు కాళ్లే, రెండో దాంట్లో ఐదు. దాని ఫొటో, దీని ఫొటో కలగాపులగం చేస్తే ఏ ప్లేటు ఎక్కడుండాలో ఎప్పటికీ తేలదు. నాది 32 అంగుళాల దారి. అంటే 81 సెం.మీ., కాబట్టి దాని కొలత ఏది దొరికినా 0.74తో గుణిస్తే నా కొలత వచ్చేస్తుంది.

పైకప్పు గురించి చాలామంది అడిగారు. ఫాల్కన్ ఒళ్లు రెండు మూకుళ్లు మూతికి మూతి ఆనించినట్టు ఉంటుంది. చదును షీట్‌తో ఆ వాలు తేవడానికి వేడిచేసి వంచక్కర్లేదు, పదో తరగతి లెక్క చాలు. అడుగుభాగం వ్యాసార్థం 22 సెం.మీ., ఎత్తు 4. ఇరవై రెండు వర్గం 484, నాలుగు వర్గం 16, కలిపితే 500, దాని వర్గమూలం 22.36. ఆ వ్యాసార్థంతో షీట్ మీద వృత్తం గీసి, అందులోంచి 5.8 డిగ్రీల ముక్క కోసేసి, కోసిన అంచులు దగ్గరికి లాగి అతికించాలి. కోణమానినితో 5.8 పెట్టడం ఎవరి తరమూ కాదు. వృత్తం అంచు వెంట దారం పెట్టి 22.7 మి.మీ. కొలవండి, అదే ఆ కోణం. అతుకు ముందువైపు, కొమ్ములు కలిసేచోటుకి వచ్చేలా చూసుకుంటే పైన వచ్చే ప్లేట్లు దాన్ని కప్పేస్తాయి. షీట్ కింద సన్‌బోర్డ్ పక్కటెముకలు ఉండాల్సిందే, లేకపోతే వేలు పెట్టి నొక్కిన చోటల్లా లొత్త పడుతుంది.

ఇక అసలు సంగతి, చెత్త. అంటే ఓడ ఒంటి మీద యంత్రభాగాల్లా కనబడేలా అతికించే చిన్నాచితకా ముక్కలు.

స్టార్ వార్స్‌కి ట్రిక్ దృశ్యాలు చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కంపెనీలో ఆ మోడళ్లు చేసినవాళ్లు యుద్ధ ట్యాంకులవీ అవీ ఇవీ బొమ్మ కిట్లు కొని, విడిభాగాలు తీసి ఓడ నిండా అతికించారు. ఫాల్కన్ మొదట ఈ ఆకారంలో లేదు కూడా. పొడుగ్గా వేరే డిజైన్ ఉండేది. అది ‘స్పేస్: 1999’ సీరియల్లోని ఈగిల్ అనే ఓడని పోలి ఉందని పక్కన పెట్టారు. ఆ పొడుగు ఓడే మార్పులతో తొలి సినిమా మొదట్లో కనిపించే యువరాణి లేయా ఓడ అయింది, కాక్‌పిట్ మాత్రం ఫాల్కన్‌కి దక్కింది. కొత్త రూపమే మేలు, నన్నడిగితే.

ట్యాంకు కిట్లు కొని పీకేంత స్తోమత నాకు లేదు. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డు ఉంది. పాడైన డీవీడీ డ్రైవులు, ప్రింటర్ గేర్లు అడిగితే షాపతను నిజాయితీగా చెప్పాడు, “అది పనిచెయ్యదు సార్” అని. పనిచెయ్యక్కర్లేదన్నా, లోపల పళ్లచక్రాలుంటే చాలన్నా. తెలుగులోనే, “మీ ఇష్టం సార్” అన్నాడు. ఇంట్లో అమ్మ మాట వేరు: “పాత సామాన్లవాడికి వేసేది నువ్వు కొనుక్కొస్తావేంట్రా?”

కుడి కొమ్ము మీది గుండ్రటి గుంటతో మొదలుపెట్టాను. అడుగున డీవీడీ డ్రైవులోని గేరు. దాని పక్కన బాల్‌పెన్ క్లిప్పులు రెండు, బోర్లా. మధ్యలోంచి సన్నటి రాగితీగలు మూడు వరసగా వెళ్లి గోడలోకి దూరతాయి. నా పద్ధతి ఒకటే: ప్రతి గొట్టం ఎక్కడో మొదలై ఎక్కడికో చేరాలి. గాల్లో ఆగిపోయిన గొట్టం కనబడితే ఇది ఓడ కాదు, అతికించిన చెత్తే అని తెలిసిపోతుంది. రెండోది, గుంటల్లో, పక్క గోడల్లో కిక్కిరిసి ఉండాలి, పై ప్లేట్లు చాలావరకు ఖాళీగా వదలాలి. ఖాళీ ఉంటేనే ఓడ పెద్దదిగా అనిపిస్తుంది. చాలా మోడళ్లు ఇక్కడే దెబ్బతింటాయి.

ప్లేట్లకి ఐడీ కార్డులు ముద్రించేవాళ్ల సన్న పీవీసీ షీట్ బాగుంది. ప్లాస్టిక్ ఫైలు కవర్ల జోలికి పోకండి, పాలీప్రొపిలీన్‌ని ఫెవిక్విక్ పట్టుకోదు.

వెనక ఇంజిన్ వెలుగుకి 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్, మీటరుకి 60 దీపాలది. అది 5 సెం.మీ.కి ఒకచోట మాత్రమే కత్తిరించాలి, కాబట్టి 40 సెం.మీ. తీసుకున్నా, 24 దీపాలు. ఒక ఆంపియర్ అడాప్టర్ ధారాళంగా సరిపోతుంది. స్ట్రిప్ ముందు పాలరంగు యాక్రిలిక్ పట్టీ పెట్టాలి, దీపానికీ పట్టీకీ మధ్య కనీసం 15 మి.మీ. ఎడం ఉంచండి, లేకపోతే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. పైకప్పు లోపల ముందు నలుపు, దాని మీద అల్యూమినియం టేపు. తెల్ల ప్లాస్టిక్‌లోంచి వెలుగు కారితే అంత పనీ బొమ్మల దుకాణం సరుకైపోతుంది. కాక్‌పిట్‌లో ఒకే 3 మి.మీ. దీపం, వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్‌తో. కాక్‌పిట్ అద్దం ఫెవికాల్‌తోనే అతికిస్తాను. ఫెవిక్విక్ ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది.

ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, జేసీ రోడ్డులో కొన్న కార్ల స్ప్రే డబ్బా. సన్‌బోర్డ్ తునక మీద కొట్టి చూశా, ఏమీ కాలేదు. బెంగళూరులో సాయంత్రం మబ్బు పట్టిందంటే బాల్కనీలో స్ప్రే ఆపేయడమే మంచిది, తేమకి పెయింటు మీద తెల్ల పొర కడుతుంది. పొద్దున పది దాటాక, ఎండ ఉన్నప్పుడే కొడుతున్నా.

మిగిలింది ఎడమవైపు డిష్ యాంటెన్నా. గుండ్రటిదే పెడతాను. 1983 సినిమాలో అది ఊడిపోయాక, 2015లో నలుచదరపుది తగిలించారు, ఆ ఓడకి అది నప్పలేదు. సరైన వంపున్న మూత కోసం వంటింటి డబ్బాలన్నీ కొలుస్తున్నాను, అమ్మ చూడనప్పుడు.