మళ్లీ మన లైబ్రరీకి వెళ్లేటప్పుడు

పట్టా పుచ్చుకోవడంతోనే మనం చదువుకున్న చోటి లైబ్రరీ కార్డు చెల్లకుండా పోయింది. ఇప్పుడు వెళితే మనమూ బయటివాళ్లమే. పరిశోధన కోసమో పాత పత్రిక కోసమో వెళ్లేవారు, పనిచేసే చోటి అధిపతి సంతకంతో ఒక ఉత్తరం, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకెళ్లడం మంచిది. ఏ విషయం, ఎన్ని రోజులు అన్నది ఉత్తరంలో ఉండాలి. ఊరికే ‘పుస్తకాలు చూడాలి’ అంటే కౌంటరు దగ్గరే పని ఆగిపోతుంది. సాధారణంగా బయటివారు అక్కడే కూర్చుని చదువుకోవాలి, ఇంటికివ్వరు.

రిజిస్టరులో సంతకం, సంచి ఇచ్చి టోకెన్ తీసుకోవడం మనకు పాత అలవాటే. సొంత పుస్తకం లోపలికి తీసుకెళ్తుంటే ముందే చూపించి రాయించండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది మనదని తేల్చడం కష్టం.

అసలు జాగ్రత్త అరల మధ్య కావాలి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో అమర్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరితే కవిత్వం, 3 చేరితే కథ, నవల. ఇవి దశాంశాలు కాబట్టి 894.82717 అనే సంఖ్య 894.8273 కన్నా ముందుండాలి. అంకెలు ఎక్కువున్నాయని వెనక పెట్టేస్తాం, చిక్కంతా అక్కడే. తప్పు అరలో పడ్డ పుస్తకం పోయినట్టే: కేటలాగులో ఉంటుంది, చేతికి దొరకదు. చదివినవి బల్ల మీదే వదలమనేది అందుకే. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. మన సర్దుడు వల్ల నష్టపోయేది మన తర్వాత వచ్చే పిల్లవాడి సమయమే.

పుస్తకాన్ని పైకొస పట్టి లాగితే బైండింగు గుడ్డ చినుగుతుంది. అటూ ఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి, వీపు మధ్యలో పట్టి తీయాలి. పాత దినపత్రికల కాగితం చెక్కగుజ్జుది. దాంట్లోని ఆమ్లం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. వేలు తడిచేసి తిప్పితే మూల విరిగి చేతిలోకొస్తుంది. జిరాక్సు అద్దం మీద అదిమితే కుట్టు తెగుతుంది. అనుమతి అడిగి, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీసుకోవడమే మేలు. సొంత చదువుకూ పరిశోధనకూ కొన్ని పేజీలు తీసుకోవచ్చు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తుంది. దాన్ని చూపి పుస్తకమంతా తీసుకుంటామంటే కుదరదు.

తాళపత్రాల దగ్గర పెన్ను తీయకండి, పెన్సిలే వాడాలి. సిరా చుక్క పడితే తుడవలేం. చేతులు కడిగి, పూర్తిగా ఆరాకే ముట్టుకోండి. ఆకును రెండు కొసలూ పట్టి ఎత్తాలి, వంచకూడదు. దారం విప్పాల్సి వస్తే సిబ్బందినే విప్పనివ్వండి. వరస తప్పితే ఆకుల అంకెలు చూసుకుంటూ మళ్లీ కూర్చాలి, అంకె చెరిగిన ఆకు ఎక్కడిదో చెప్పడానికి ఆ గ్రంథం తెలిసిన పండితుడే కావాలి.