కడప బండల మీద వెనక బ్రేక్ ప్యాడ్ల పని: 62,000 కి.మీ. చిట్టా

బండి: ముందు చక్రాల డ్రైవ్ ఉన్న డీజిల్ ఎస్‌యూవీ. నాలుగు చక్రాలకూ డిస్కులే. హ్యాండ్ బ్రేకు చేత్తో లాగేది, దాని కేబులు నేరుగా వెనక కాలిపర్‌కే, అంటే ప్యాడ్లతో డిస్కును నొక్కే పట్టుకే, వస్తుంది. పని చేసిన చోటు కడపలో ఇంటి ముందరి వాకిలి, పొద్దున నీడ ఉన్నంతసేపు. బొలెరో, స్కార్పియో క్లాసిక్ వాళ్లకు ఈ చిట్టా పనికిరాదు. వాటికి వెనక డ్రమ్ములు, లోపల ఉండేవి షూలు. జీప్ కంపాస్ లాగా బటన్‌తో పడే పార్కింగ్ బ్రేకు ఉన్న బండ్లకు ప్యాడ్‌ను తోసే పిస్టన్ దగ్గర పద్ధతి మారుతుంది, అది అక్కడే రాశాం.

61,900 కి.మీ.: చప్పుడు

మెల్లగా పోయేటప్పుడు కుడి వెనక చక్రం నుంచి సన్నగా కీచుమంటోంది. ప్యాడ్ వీపుకు బిగించిన చిన్న స్ప్రింగు రేకు డిస్కును గీకే చప్పుడు ఇది. ప్యాడ్ మందం 2 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి తగిలేటట్టు దాన్ని వంచి పెడతారు. చప్పుడు సన్నగా కాకుండా గరగరమని మోటుగా ఉంటే, ప్యాడ్ పూర్తిగా అయిపోయి వీపు ఇనుము డిస్కును తింటున్నట్టు. అప్పుడు ఖర్చు ప్యాడ్లతో తీరదు.

ముందు ప్యాడ్లు ఇంకా సగానికి పైన ఉన్నాయి. బ్రేకు తొక్కితే బరువు ముందుకు పడుతుంది కాబట్టి ముందువే త్వరగా అరగాలన్నది పాత లెక్క. ఏబీఎస్‌తో (చక్రం బిగుసుకుపోకుండా చూసేది) పాటు ఈబీడీ (ముందు వెనకలకు బ్రేకు బలం పంచేది), ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసేది) వచ్చాక వెనక చక్రాలు చేసే పని పెరిగింది. వెనక ప్యాడ్ సైజు కూడా చిన్నది. దానికి మన దుమ్ము తోడవుతుంది. ముందు చక్రాలు లేపిందంతా పోయి వెనక కాలిపర్ మీదే పడుతుంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపు, నాపరాయి గనుల దారుల్లో తిరిగే బండ్లకు 40,000 కి.మీ. నుంచే వెనక చక్రాలు విప్పి చూడటం మంచిది.

సామాన్లు

వెనక ప్యాడ్ల సెట్టు ఒకటి, అంటే నాలుగు ప్యాడ్లు. రెండు పక్కలా కలిపే మార్చాలి, ఒక్క చక్రానికి మారిస్తే బ్రేకు పడగానే బండి పక్కకు లాగుతుంది. ఇవి కాక స్టీలు క్లిప్పుల సెట్టు, బ్రేక్ క్లీనర్ 500 మి.లీ. డబ్బా ఒకటి, సిలికోన్ బ్రేక్ గ్రీజు 10 గ్రాములు, సీలు తీయని డాట్ 4 బ్రేక్ ఆయిల్ చిన్న సీసా. ప్యాడ్లు కొనేటప్పుడు మోడల్ పేరు చెప్తే సరిపోదు, ఛాసిస్ నంబరు ఇవ్వాలి. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి, వేరియంటును బట్టి కాలిపర్ మారుతుంది. షాపులోనే అట్టపెట్టె తెరిచి ప్యాడ్ చెవుల (రెండు కొసలా బయటికి ఉండే భాగాల) వెడల్పు, లోపలి ప్యాడ్ వీపు మీది బొడిపె చూసుకోవాలి.

పనిముట్లలో హైడ్రాలిక్ జాకీ, 3 టన్నుల జాక్ స్టాండ్లు రెండు, 14 నంబరు పానా, పల్చటి 17 నంబరు పానా, టార్క్ రెంచి, వెర్నియర్, తీగ బ్రష్షు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం పిస్టన్ తిప్పే కిట్. ఇది లేకుండా మొదలుపెడితే పని సగంలో ఆగి, బండి స్టాండ్ల మీద అట్లాగే నిలబడిపోతుంది.

62,040 కి.మీ.: ఎత్తడం, విప్పడం

మన వాకిళ్లలో పరిచే కడప బండ చూడటానికి గట్టిదే. అయితే కింద ఇసుక కుంగి బోలుగా ఉన్నచోట జాకీ బరువంతా ఒక్క బిందువు మీద పడితే పటుక్కున పగులుతుంది. నునుపు బండ మీద స్టాండు కాళ్లు జారుతాయి కూడా. ముందు సుత్తి పిడితో తట్టి బోలు శబ్దం లేని చోటు చూసుకుని, జాకీ కిందా స్టాండ్ల కిందా 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు వేయాలి.

ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మెలు. గేరు మొదటిదానిలో, హ్యాండ్ బ్రేకు పూర్తిగా కిందికి. అది లాగి ఉంటే పిస్టన్ తిరగదు. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న బండిలో వెనక భాగం పైకి లేచాక గేరును నమ్ముకోకూడదు, దిమ్మెలే ఆధారం. వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసుకోవాలి. రెండు చక్రాలు తీసినా ఒక పక్క పని అయ్యాకే రెండో పక్క విప్పాలి, ఏ క్లిప్పు ఎటు ఉండేదో చూసుకోవడానికి విప్పని పక్క నమూనాగా ఉంటుంది.

కింది గైడ్ పిన్ను (కాలిపర్ దీని మీదే జరుగుతుంది) బోల్టు విప్పితే కాలిపర్ పైకి మడుస్తుంది. బోల్టు తిప్పేటప్పుడు పిన్ను కూడా తిరిగితే పల్చటి 17 పానాతో దాన్ని పట్టుకోవాలి. కాలిపర్ పూర్తిగా తీయాల్సి వస్తే సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో కట్టాలి, రబ్బరు పైపు మీద వేలాడనివ్వకూడదు. దుమ్మును నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలితో అసలే కొట్టొద్దు. మాస్కు పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవాలి.

కొలతలు

కొత్త ప్యాడ్ మందం, ఇనుము వీపు వదిలేసి, 10 మి.మీ. తీసినవి ఇట్లా ఉన్నాయి: ఎడమ లోపలిది 3.8, బయటిది 4.3. కుడి లోపలిది 1.9, బయటిది 4.6.

ఎడమ పక్క మామూలుగానే అరిగింది. అసలు సంగతి కుడి పక్కన ఉంది. ఈ కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, లోపలి వైపు. అది లోపలి ప్యాడ్‌ను తోస్తే, కాలిపర్ మొత్తం పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కుని వస్తుంది. పిన్ను బిగుసుకుంటే కాలిపర్ జరగదు, లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేసి అరిగిపోతుంది. ఒకే ప్యాడ్ ఒక కొస పల్చగా, రెండో కొస మందంగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసినట్టు, లేదంటే ప్యాడ్ చెవులు బ్రాకెట్‌లో (ప్యాడ్లు కూర్చునే ఇనుప చట్రంలో) ఇరుక్కున్నట్టు. ఒక చక్రానికి రెండు ప్యాడ్లూ సమానంగా, అవతలి చక్రం కంటే బాగా పల్చబడితే పిస్టన్ గానీ హ్యాండ్ బ్రేక్ కేబులు గానీ వెనక్కి రావడం లేదు. పాత ప్యాడ్లను చెత్తలో వేసే ముందు ఈ నాలుగు అంకెలు రాసుకోని పనికి విలువ లేదు, కారణం వదిలేసి ప్యాడ్లు మారిస్తే కొత్తవీ ఇట్లాగే పోతాయి.

డిస్కు కొత్తగా ఉన్నప్పుడు 10 మి.మీ., అంచు మీద పోతపోసిన కనీస మందం 8.4. డిస్కు అంచున అరగని గట్టు మిగులుతుంది కాబట్టి వెర్నియర్ నేరుగా పెడితే గట్టు మందమే చూపిస్తుంది. రెండు పక్కలా ఒక్కో రూపాయి బిళ్ల పెట్టి కొలిచి, బిళ్లల మందం తీసేయాలి. రెండు డిస్కులూ 9.4 దగ్గర వచ్చాయి, ఉంచేశాం. పాత మెరుపు పోయేటట్టు 120 నంబరు ఉప్పు కాగితంతో అడ్డదిడ్డంగా రుద్ది, క్లీనర్‌తో తుడిచాం.

పిన్నులు

కుడి కింది పిన్ను చేత్తో రాలేదు, పానాతో అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చింది. దాని కొసన ఉండే రబ్బరు తొడుగు ఉబ్బిపోయి ఉంది. ముందెవరో బేరింగు గ్రీజు పెట్టారు. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది, ఉబ్బితే రంధ్రంలో బిగుసుకుంటుంది. ఇక్కడ సిలికోన్ బ్రేక్ గ్రీజు తప్ప ఇంకేదీ పెట్టకూడదు. రబ్బరు తొడుగును, బూటును (దుమ్ము ఆపే రబ్బరు) కొత్తవి వేసి, రంధ్రాన్ని క్లీనర్‌తో, గుడ్డపేలికతో పూర్తిగా తుడిచి, పిన్నుకు పల్చగా గ్రీజు రాశాం. దట్టంగా పూస్తే గాలి లోపల చిక్కుకుని పిన్నును బయటికి తోస్తుంది. రబ్బరు తొడుగు ఉన్న పిన్ను, లేని పిన్ను ఒకదాని చోట ఒకటి పెట్టకూడదు. పెట్టాక వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి రావాలి.

మన దగ్గర గాలిలో తేమ తక్కువ, బ్రాకెట్లకు తుప్పు పెద్దగా పట్టదు. కానీ బోరు నీళ్లతో వాటర్ సర్వీసింగ్ చేయిస్తే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అది క్లిప్పుల కింద చేరి వాటిని పైకి లేపుతుంది, ప్యాడ్ చెవులు ఇరుక్కుంటాయి. క్లిప్పులు పీకి, కింద తీగ బ్రష్షుతో లోహం కనపడేదాకా గీకి కొత్తవి వేశాం. ప్యాడ్ క్లిప్పులో వేలి బలంతో జరగాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే చెవి మీది రంగు మందంగా ఉన్నట్టు, ఆకురాయితో రెండు సార్లు రుద్దితే సరి.

పిస్టన్

ముందు బోనెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులు చేసి మట్టం చూడాలి. ప్యాడ్లు అరిగినప్పుడు ఎవరైనా ఆయిల్ నింపి ఉంటే, పిస్టన్ వెనక్కి పోయేటప్పుడు అది పొంగి పెయింటును తినేస్తుంది. పడితే వెంటనే నీళ్లు పోయాలి.

ఈ పిస్టన్ లోపల హ్యాండ్ బ్రేకు మర ఉంటుంది. సీ క్లాంపుతో నొక్కితే లోపలికి పోదు, ఇంకా గట్టిగా నొక్కితే మర పాడై కాలిపర్ కొత్తది కొనాలి. కిట్‌తో నొక్కి పట్టుకుని, ఎక్కువ బండ్లలో గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. తిరుగుతోంది కానీ లోపలికి పోవడం లేదంటే ఒత్తిడి చాలలేదు, లేదా ఆ పక్క మర ఎడమ చేతిది. బూటు పిస్టన్‌తో పాటు మెలి తిరుగుతుంటే ఆపి, బూటు పెదవి కింద కాస్త సిలికోన్ గ్రీజు పెట్టి మళ్లీ తిప్పాలి. చివర్లో పిస్టన్ ముఖం మీది గాడి, ప్యాడ్ వీపు మీది బొడిపె ఎదురెదురుగా వచ్చేటట్టు నిలపాలి. ఇది కుదరకపోతే ప్యాడ్ వంకరగా కూర్చుంటుంది, పెడల్ మెత్తగా ఉంటుంది, గాలి చేరిందేమోనని లేనిపోని బ్లీడింగు (ఆయిల్‌లోని గాలి తీసే పని) మొదలవుతుంది.

బటన్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండిలో స్కానర్‌తో సర్వీసు మోడ్‌లో పెట్టి, మోటారు పూర్తిగా వెనక్కి వచ్చాకే పిస్టన్ ముట్టుకోవాలి. మోడ్‌లో పెట్టకుండా తోస్తే లోపలి ప్లాస్టిక్ గేర్లు విరిగే ప్రమాదం ఉంది.

బిగింపు, తొక్కుడు

చప్పుడు రేకు ఉన్న ప్యాడ్ ఈ బండిలో లోపలి వైపు. రాపిడి ముఖానికి గ్రీజు వేలు తగిలితే క్లీనర్‌తో తుడిచేయాలి. గైడ్ బోల్టులు 30 న్యూటన్ మీటర్లు, వీల్ నట్లు 110, నక్షత్రం వరసలో. ఇవి ఈ బండి అంకెలు, మీ బండివి మాన్యువల్లో చూడాలి. నట్లు బిగించే ముందు రబ్బరు పైపు మెలి పడలేదని చూశాం.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బ్రేక్ పెడల్‌ను కొద్దికొద్దిగా, అడుగు దాకా తొక్కకుండా, గట్టిపడేవరకు తొక్కాలి. ఈ ఒక్కటి మరిచి బండి కదిలిస్తే మొదటి తొక్కుడుకు బ్రేకు ఉండదు, ఎదురుగా గేటు ఉంటుంది. తర్వాత హ్యాండ్ బ్రేకును పది పదిహేను సార్లు లాగి వదలాలి. చివరగా ఆయిల్ మట్టం.

ప్యాడ్లు డిస్కుకు కుదరడానికి తెల్లవారుజామున ఖాళీగా ఉండే పులివెందుల రోడ్డు. 60 నుంచి 15 కి.మీ. వేగం దాకా మధ్యస్థంగా బ్రేకు, పది సార్లు, మధ్యలో అర నిమిషం ఎడం. పూర్తిగా ఆపొద్దు, వేడి మీద హ్యాండ్ బ్రేకు లాగొద్దు. రెంటిలో ఏది చేసినా ప్యాడ్ పదార్థం ఒక్కచోట అంటుకుని తర్వాత పెడల్ వణుకుతుంది. అయ్యాక పది నిమిషాలు బ్రేకు లేకుండా నడిపి చల్లార్చాలి.

62,130 కి.మీ.

వీల్ నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూశాం, కుడి పక్క ఒకటి కొద్దిగా తిరిగింది. చప్పుడు లేదు.

62,600 కి.మీ.

రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగాక, కింద ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసిన వేడి: ఎడమ 94 డిగ్రీలు, కుడి 118. మెరిసే డిస్కు ముఖం మీద ఈ మీటరు అసలు కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి, రెండు పక్కలా డిస్కు మధ్య తుప్పు రంగు భాగం మీదే పెట్టాలి. అంకె కంటే తేడా ముఖ్యం, ఎక్కువ వేడెక్కిన పక్క బ్రేకు పూర్తిగా వదలడం లేదేమో చూడాలి. పాలకోవా పొట్లం కొనే తీరిక ఉంటే ఘాట్ దిగకముందే, గువ్వలచెరువులోనే ఆగండి, దిగాక ఆగింది కొలతకే.

ఇంటికొచ్చి కుడి చక్రం విప్పితే పిన్నులు రెండూ సాఫీగా ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు వదిలినా కాలిపర్ మీది లివర్ దాని ఆపుడు బొడిపెను ఆనడం లేదు, 2 మి.మీ. సందు. చేత్తో తోస్తే ఆనుతోంది. కేబులు కొక్కెం తీసి లివర్ ఒక్కదాన్నే కదిలిస్తే స్ప్రింగు దాన్ని గట్టిగా వెనక్కి లాగింది. కాలిపర్ బాగానే ఉంది, పట్టేస్తున్నది కేబులు తొడుగు లోపల. నూనె పోస్తే కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత దుమ్ము కలిసి జిగురవుతుంది. కుడి కేబులు కొత్తది చెప్పాం. వచ్చేదాకా పార్కింగులో గేరు, చక్రానికి దిమ్మె, హ్యాండ్ బ్రేకు వాడటం లేదు.