గెడ్డలో ఆకుల సంచులు: 56వ రోజు లెక్క

గెడ్డ అంటే చిన్న వాగు. అందులో పడిన ఆకు ఎంత వేగంగా కుళ్లుతుందో చూడాలని, తూచిన ఆకుల్ని సంచుల్లో పెట్టి నీటిలో కట్టి, కొన్నాళ్లకోసారి తీసి మళ్లీ తూస్తున్నాను. గత ఏడాది ఇదే పని చేసి చెడగొట్టుకున్నాను. చెట్టు మీది పచ్చి ఆకులు కోసి సంచుల్లో కుక్కేశా. చెట్టు ఆకు రాల్చే ముందు అందులోని పోషకాల్లో చాలా భాగం వెనక్కి లాగేసుకుంటుంది కాబట్టి పచ్చాకు కుళ్లే తీరు వేరు, పండుటాకు కుళ్లే తీరు వేరు. ఆ లెక్కలన్నీ చెత్తబుట్టలోకే పోయాయి. ఈసారి పసుపు తిరిగి రాలినవే ఏరాను.

చోటు అరకు దగ్గర ఒక మిత్రుడి కాఫీ తోట. తోట అంచున చిన్న గెడ్డ పారుతుంది. శీతాకాలం ఎంచుకోవడానికి కారణం ఒకటే. వానాకాలంలో కట్టిన సంచి కట్టినట్టే కొట్టుకుపోతుంది, డిసెంబరుకు నీరు తేటపడి మోకాలి లోతున నిలకడగా ఉంటుంది. కాకపోతే అది కాఫీ పళ్లు కోసే కాలం కూడా. పళ్ల తొక్క తీసి కడిగిన పుల్లటి నీళ్లు కలిసే చోటికి బాగా ఎగువన కట్టాను.

ఆకులు రెండు రకాలు. ఒకటి కానుగ. పొలంలో పచ్చిరొట్టగా వేసి తొక్కించే ఆకే కాబట్టి తొందరగా చివుకుతుందని రైతులకు ఎప్పుడో తెలుసు. రెండోది సిల్వర్ ఓక్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. అరకులో కాఫీకి నీడ దానిదే, మిరియాల తీగ ఎక్కేదీ దాని మీదే. ఆకు గరుకు, వగరు.

నీడలో వారం ఆరబెట్టి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద సంచికి 5 గ్రాముల చొప్పున తూచాను. మొత్తం 24 సంచులు. సగం ఉల్లిపాయల వల సంచులు, వాటిలోకి పురుగులు దూరగలవు. మిగతా సగంలోకి అవి దూరకూడదని మొదట దోమతెర గుడ్డ వాడబోయాను. ఇంట్లో బకెట్లో పరీక్షిస్తే సన్న ఎర్ర పురుగులు అందులోంచి హాయిగా దూరుతున్నాయి. అది పక్కన పెట్టి పాత నైలాన్ ఓణీతో కుట్టించాను. సంచి నంబరు బాల్ పెన్నుతో రాయకండి, చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన కాగితం ముక్క లోపల వేస్తే నిలుస్తుంది.

డిసెంబరు 7, శనివారం. ఉదయం ఆరున్నరకు గాలి 9 డిగ్రీలు, నీరు 15. చెయ్యి ముంచితే నీళ్లే వెచ్చగా అనిపించాయి. నేను నైలాన్ తాడుతో చెట్టు వేళ్లకు సంచులు కడుతుంటే మిత్రుడి అమ్మగారు వచ్చి చూశారు. “ఆకులు గెడ్డలో కట్టి ఏటి సేస్తన్నావు బాబూ?” చెప్పాను. “కట్టకపోయినా కుళ్తాయి కదా” అన్నారు. నిజమే.

రెండో రోజు మిత్రుడే సంచులు తీసి పంపాడు. ఆరబెట్టి తూస్తే కానుగ 4.1 గ్రాములు. పురుగు ముట్టకుండానే అంత పోయింది! టీ పొడిలోంచి రంగు దిగినట్టు, నీటిలో కరిగేవన్నీ మొదట్లోనే దిగిపోతాయి. సిల్వర్ ఓక్ మాత్రం 4.7 దగ్గర ఆగింది.

జనవరి 4. రెండు సంచులు గల్లంతు. పీతల కోసం కట్టిన వలలనుకుని పిల్లలు విప్పేశారట. తప్పు నాదే, ఒక చీటీ కట్టి ఉండాల్సింది.

మిగిలినవాటిని తెల్ల ప్లాస్టిక్ ట్రేలో విదిలించి, పెయింటింగ్ బ్రష్షుతో ఏరాను. కానుగలో ఆకు ముక్కొకటి తనంతట తనే నడుస్తోంది! తిరగేసి చూస్తే క్యాడిస్ పురుగు, నీటిలో గూడు కట్టుకుని బతికే కీటకపు పిల్ల. ఆకును రెండు కోడిగుడ్డు ఆకారపు ముక్కలుగా కత్తిరించుకుంది, పెద్దది పైకప్పు, చిన్నది అడుగు, మధ్యలో తను. తల బయట పెట్టి, నేను కదలగానే లోపలికి లాక్కుంది. క్యాడిస్‌లలో ఎనిసోసెంట్రోపస్ అనే రకం అయి ఉండాలి. దాని పక్కనున్న ఆకులో ఈనెలే మిగిలాయి, జల్లెడలాగా.

సిల్వర్ ఓక్ సంచిలో పురుగులు ఇంకా ఎక్కువ కనిపించడంతో కాసేపు కంగారు పడ్డాను. మేఫ్లై పిల్లలు, తూనీగ పిల్లలు, ఒక బుల్లి పీత. కానీ ఆకు మీద కొరికిన గుర్తే లేదు. అక్కడ కాపురమే కానీ భోజనం లేదన్నమాట. అందుకే పురుగుల్ని లెక్కపెట్టి ఆకు తింటున్నాయనుకోకూడదు. లెక్కపెట్టాక అన్నింటినీ గెడ్డలోనే వదిలాను.

అసలు ఆకు కొరికే పురుగులు కూడా ఆకు కోసమే రావు. ఆకు విస్తరి, దాని మీద పెరిగిన బూజు అన్నం. తింటే రెండూ లోపలికి వెళ్తాయి, తేలిగ్గా ఒంటికి పట్టేది బూజే. ఆ నీటి బూజుల గురించి 1942లో ఇంగోల్డ్ అనే ఆయన ఇంగ్లండ్‌లోని ఒక వాగులో చూసి రాశారు. రాళ్ల దగ్గర ఆగిన నురగ చుక్కను ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ కింద పెట్టాను. మూడు బూజు బీజాలు దొరికాయి, పల్లేరు కాయ ముళ్లలా నాలుగు చేతులు చాచి. ఆ చేతుల వల్లే పారే నీటిలో ఆకుకు తగులుకుంటాయి.

ఫిబ్రవరి 1, 56వ రోజు. ఉల్లి సంచిలో కానుగ 1.35 గ్రాములు, ఓణీ సంచిలో 2.3. సిల్వర్ ఓక్ 3.9, 4.0. మొదటి బరువును మిగిలిన బరువుతో భాగించి, సహజ లాగరిథమ్ (ln) తీసి, రోజులతో భాగిస్తే రోజువారీ రేటు వస్తుంది. ఉల్లి సంచుల్లో కానుగకు 0.023, సిల్వర్ ఓక్‌కు 0.0044. వాగుల్లో ఆకులు కుళ్లే తీరును పరిశోధించిన పీటర్సన్, కమిన్స్ 1974లో వేసిన విభజనలో 0.01 దాటితే వేగం, 0.005 కంటే తక్కువైతే నిదానం.

ఓణీ సంచికీ ఉల్లి సంచికీ కానుగలో వచ్చిన తేడా మొత్తం పురుగుల ఖాతాలో వేయలేను. సన్న గుడ్డలో నీరు సరిగ్గా ఆడదు, ఇసుక రాపిడీ తక్కువే. సిల్వర్ ఓక్‌లో మాత్రం ఆ తేడా దాదాపు లేదు.

గెడ్డలో ఆకులు దట్టంగా పడేది ఇప్పటి నుంచే. తర్వాతి విడతకు పనసాకులు ఆరుతున్నాయి. వారం నుంచి మా ఇంట్లో బట్టలారేసే తీగ మీద చోటు లేదు.