పెంచలకోనలో చెవులు రిక్కించి

రాపూరు దాటి గోనుపల్లి వైపు తిరిగితే వెలిగొండలు దగ్గరపడతాయి. పెంచలస్వామి దర్శనం పొద్దున్నే అయిపోయింది. గుడి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఆ తర్వాత అక్కడ విన్నవాటి గురించే రాస్తాను.

కోన బయట చెట్ల కింద నెల్లూరు గొర్రెల మంద ఉంది. జోడిపి రకం: తెల్లటి ఒళ్లు, మూతికీ కళ్ల చుట్టూ నల్ల మచ్చలు. వెనకబడిన పిల్ల ఒకటి అరిచింది. మంద మేస్తూనే ఉంది. ఒక్క తల్లి మాత్రం తలెత్తి, నేరుగా అటే నడిచింది.

"బిడ్డ గొంతు తల్లికి తెలవదా అబ్బయా" అన్నాడు కాపరి పెద్దాయన.

గొంతు గుర్తుపట్టడం సరే, అది ఎటు నుంచి వస్తోందో ఎలా తెలుస్తుంది? కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి తల అడ్డొచ్చి కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి వినపడుతుంది. మనిషి విషయంలో ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత సన్నని తేడాతోనే మెదడు దిక్కు చెప్పేస్తుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

అయితే దొరకకూడదనే అరిచే అరుపులు కూడా ఉంటాయి. మధ్యాహ్నం పైన డేగ తిరుగుతుంటే పొదలోంచి సన్నగా, సాగదీసినట్టు ఒక కూత వచ్చింది. ఎంత వెతికినా పిట్ట కనపడలేదు. కాసేపటికి చెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబ కనపడగానే పిగిలిపిట్టలు, గోరింకలు చుట్టూ చేరి టకటకా గోల చేశాయి. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఈ తేడాను పక్షుల కూతలను పరిశోధించిన పీటర్ మార్లర్ 1955లోనే వివరించాడు. మెల్లగా మొదలై మెల్లగా ఆగే సన్నని కూతకు చెవులు పోల్చుకోవడానికి పట్టు దొరకదు. ఠక్కున మొదలై ఠక్కున తెగే అరుపుకు దొరుకుతుంది. మొదటిది 'దాక్కోండి' అనడానికి, రెండోది 'ఇక్కడికి రండి, తరుముదాం' అనడానికి.

రాత్రి కీచురాళ్లు మొదలెట్టాయి. శబ్దం వైపు టార్చితో నడిస్తే ఆగిపోతాయి, వెనక్కి వస్తే మళ్లీ మొదలు. మనకు దొరకని ఆ పాట ఆడ కీచురాయికి దొరుకుతుంది. దాని చెవులు ముందుకాళ్ల మీద ఉంటాయి. రెండింటినీ ఒంట్లో గాలి గొట్టం కలుపుతుంది కాబట్టి, అంత చిన్న ఒంటితో కూడా దిక్కు తెలుసుకోగలదు.

ఈ విద్యలో ఆరితేరినది గుండె ఆకారపు తెల్ల ముఖం ఉండే గుడ్లగూబ. దాని చెవులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి. అందుకే కుడిఎడమలతో పాటు ఎత్తుపల్లాలు కూడా చెవులతోనే కొలుస్తుంది. 1950లలో జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ కటిక చీకటి గదిలో దాన్ని పరీక్షించాడు. ఎలుక అలికిడి మీదికి సూటిగా దూకింది. ఎలుక బదులు కాగితం ఉండను ఆకుల మీద లాగినా దాని మీదే దూకింది. అంటే అది వాసన కాదు, చూపు కాదు, వినికిడే.

మర్నాడు వాగు దగ్గర మళ్లీ ఆ పెద్దాయనే కలిశాడు. గొర్రెలు రెండు గుక్కలు తాగి తలెత్తడం, అటూ ఇటూ చూడటం, మళ్లీ తాగడం. మేత దగ్గర ఇంత కంగారు లేదు. నీళ్ల హోరులో వెనక అలికిడి వినపడదు, ఇక కళ్లే దిక్కు. కుక్కను ఒడ్డు మీద కాపలా నిలబెట్టి, "ఈడ ఎక్కువసేపు ఆపకూడదు సార్" అంటూ ఆయన మందను అదిలించాడు.