గొట్టం వేయకుండానే తేలింది

బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఆఫీసు క్యాబ్‌లో వెళ్తాను. సిల్క్ బోర్డు దగ్గర బండి ఆగిందంటే నాకు చెమటలు పట్టేవి. బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే బాత్రూంకి పరిగెత్తాలనిపించడం. క్యాబ్‌లో అందరూ మగవాళ్ళే, ఎవరితో చెప్పను? ఎనిమిది నెలలు టిఫిన్ మానేసి ఖాళీ కడుపుతో బయల్దేరాను.

అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేసి "వేడి చేసుంటుందే, మజ్జిగ తాగు" అనేది. తాగితే ఉబ్బరం ఇంకా పెరిగేది. ఒక క్లినిక్‌లో స్కానింగ్ చేసి, అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. మరి ఈ నొప్పి అబద్ధమా అని ఆటోలో ఏడ్చాను. ఇంకోచోట ఏమీ అడగకుండానే కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టం వేసి పెద్దపేగు లోపల చూడటానికి, తేదీ ఇచ్చేశారు. క్యాన్సరేనేమోనని వారం రోజులు నిద్ర లేదు.

చివరికి మా ఆయన వేరే గ్యాస్ట్రో డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమెది కోలారు, ఇంట్లో తెలుగే. అరగంట పైగా అడుగుతూనే ఉన్నారు. నొప్పి వారంలో ఎన్ని రోజులు? విరేచనమయ్యాక తగ్గుతుందా? నిద్రలోంచి లేపుతుందా? రక్తం పడిందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా? తర్వాత బ్రిస్టల్ చార్టు ముందు పెట్టారు. మలం ఎలా ఉంటుందో ఏడు బొమ్మలు. నోటితో చెప్పలేనిది ఆరో బొమ్మ మీద వేలు పెట్టి చెప్పేశాను.

నాది ఐబీఎస్‌లా ఉందన్నారు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగుల్లో వాపు లేకపోయినా నొప్పి, విరేచనాల్లో తేడా ఉండే సమస్య. దాన్ని ఇలా లక్షణాలతోనే గుర్తిస్తారట. దీనికి నిపుణులు పెట్టిన కొలమానం, 2016లో వచ్చిన రోమ్ 4 లెక్క ప్రకారం, మొదలై ఆరు నెలలు దాటాలి, చివరి మూడు నెలలూ సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, వెళ్ళే సార్లు మారడం, మలం తీరు మారడం, వీటిలో రెండైనా ఉండాలి. నాకు మూడూ ఉన్నాయి.

పరీక్షలు కొన్నే. రక్తహీనతకి, గోధుమల్లోని గ్లూటెన్‌తో వచ్చే సీలియాక్ జబ్బుకి రక్తం తీశారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూశారు. పేగుల్లో వాపు ఉంటే తెల్ల రక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్ అది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా వాపు లేనట్టే. నాది 22. ఆ అంకె చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. మజ్జిగ సంగతి విని శ్వాస పరీక్ష కూడా చేయించారు. పాలలో ఉండే చక్కెర, లాక్టోజ్, కలిపిన నీళ్ళు తాగి, మూడు గంటల పాటు అరగంటకోసారి గొట్టంలోకి ఊదాలి. ఊపిరిలో హైడ్రోజన్ బాగా పెరిగింది, అంటే లాక్టోజ్ నాకు అరగడం లేదు. పాలు మానేస్తే ఉబ్బరం పోయింది కానీ నొప్పి పోలేదు. అంటే పాలు పడకపోవడమూ ఉంది, ఐబీఎస్సూ ఉంది.

"కొలనోస్కోపీ ఇప్పుడు అవసరం లేదమ్మా. రక్తం పడినా, బరువు తగ్గినా వెంటనే రండి" అన్నారు.

నెల రోజులు ఉల్లి, వెల్లుల్లి ఆపి, ఒక్కొక్కటే మళ్ళీ తిని చూశాను. ఉల్లిపాయే పడటం లేదు. ఉల్లి లేని కూర మొదట్లో చప్పగా అనిపించేది, ఇప్పుడు ఇంగువ పోపుతో అలవాటైంది. ఇడ్లీ తినే క్యాబ్ ఎక్కుతున్నాను.

ఈ మధ్య నాన్నకీ ఇలాంటి నొప్పే మొదలైంది. "నీలాగే ఆ ప్రశ్నలతో సరిపోతుందిలే" అన్నారు. ఆయనకి 62 ఏళ్ళు. ఆ వయసులో కొత్తగా వచ్చిన నొప్పికి లోపల చూడాల్సిందేనని గట్టిగా చెప్పాను. మంగళవారం కొలనోస్కోపీకి నేనే తీసుకెళ్తున్నాను.